సొట్టకి సరిపడే కథ

మార్చి 4

తమ్ముడి కారుని మరదలు తుక్కు కింద ఇచ్చేసింది. నాకు చెప్పలేదు. తుక్కు యార్డ్ మేనేజర్ మాటల మధ్యలో అన్నాడు. నా మొహం చూసి, మీకు తెలుసనుకున్నాను సార్ అన్నాడు. తెలుసన్నట్టు తలూపాను. ఆ తలూపడం నాకు బాగా అలవాటు. ఎదుటివాడు ఇంకా ఏం కక్కుతాడో చూడ్డానికి పనికొస్తుంది. ఈసారి పనికిరాలేదు.

వాడు పోయి ఇంకా నెల కాలేదు. ఇంత తొందరేమిటి?

నేను ఇన్సూరెన్స్ సర్వేయర్‌ని. దెబ్బతిన్న బండి దగ్గరికి వెళ్ళి ముందు ఓనర్ చెప్పే కథ వింటాను. తర్వాత సొట్ట చూస్తాను. రెండూ ఒకదానికొకటి సరిపోవాలి. ఆపి ఉంచిన బండిని ఎవడో గుద్ది పారిపోయాడంటాడు ఒకాయన. వంగి చూస్తే ఆయనే పార్కింగ్‌లో స్తంభాన్ని రాసుకుంటూ పోయాడని తెలిసిపోతుంది. సగం జీవితం ఇదే పని. ఆ జబ్బు ఇంటికి కూడా వచ్చేసింది. గ్లాసు పగిలితే అది ఎటునుంచి పడిందో తేల్చేదాకా పెంకులు ఊడవనివ్వనని మా ఆవిడ ఊరంతా చెప్పుకుంటుంది.

తమ్ముడిది మాత్రం సరిపోవడం లేదు. పట్టపగలు. పొడి రోడ్డు. ఎదురుగా బండి లేదు. చాలా దూరం తిన్నగా పోయి, మూతపడ్డ గోడౌన్ దగ్గర రోడ్డు మలుపు తిరుగుతుంది. వాడు తిరగలేదు. నేరుగా వెళ్ళి గోడకి కొట్టాడు. టైర్లు ఈడ్చిన గుర్తు ఎక్కడా లేదు. నేను నడిచి చూశాను, రెండుసార్లు.

కునుకు పట్టేసి ఉంటుందని అందరూ అన్నారు. అందరి నోటా ఒకటే మాట వస్తే నాకు నమ్మకం పోతుంది. బయల్దేరే ముందు వాడు నాకు ఫోన్ చేశాడు. అది నిద్రమత్తులో ఉన్న గొంతు కాదు.

కునుకు కాకపోతే మిగిలేది ఒకటే. ఎవరూ చూడరు కాబట్టి ఇక్కడ రాస్తాను. కావాలనే కొట్టాడా? అయితే ఎందుకు? ఇంట్లో ఏం జరిగింది? మరదలికి తెలుసా?

కార్లో ఎయిర్‌బ్యాగుల కోసం చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. గుద్దుకునే ముందు చివరి కొన్ని క్షణాల్లో వేగమెంత, స్టీరింగ్ ఎటు తిరిగింది, బ్రేక్ తొక్కారా లేదా, అన్నీ అందులో ఉండిపోతాయి. తుక్కు యార్డ్‌లో కారుని నలిపేస్తే అదీ నలిగిపోతుంది. ఈ సంగతి మరదలికి తెలుసు. వాళ్ళింట్లోనే ఒకసారి భోజనాల దగ్గర నేను గొప్పగా చెప్పాను. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు.

అందుకే అడుగుతున్నాను. ఇంత తొందరేమిటి?

మార్చి 5

యార్డ్‌కి ఫోన్ చేసి, ఆ కారుని ఇప్పుడే నలపొద్దన్నాను. సరే సార్ అన్నాడు. ఎందుకని అడగలేదు. నేనైతే అడిగేవాణ్ణి.

మార్చి 8

మరదలి ఇంటికి వెళ్ళొచ్చాను. రాయాలని లేదు. అయినా రాస్తాను.

ఆమె ఉతికిన బట్టలు మడతపెడుతోంది. పాప నా బూట్లు తొడుక్కుని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి టపటపా నడుస్తోంది. వాళ్ళ నాన్న బట్టలు కూడా ఆ కుప్పలో ఉన్నాయి. వాటినెందుకు ఉతికిందో అర్థం కాలేదు. ఉతికితే ఏమైనా పోతుందా, జేబుల్లో ఏమైనా ఉందా, ఇలాంటి ఆలోచనలే వచ్చాయి. బాధ తర్వాత వచ్చింది.

ఆ రోజు పొద్దున్న ఏం జరిగిందో ఒక్కసారి చెప్పమ్మా అన్నాను. ఇదివరకే చెప్పాను కదా బావగారూ అంది. మళ్ళీ చెప్పమన్నాను. చెప్పింది. లేచాడు, టీ తాగాడు, పాపకి జడ వేశాడు, స్కూల్లో దింపి వచ్చాడు, నాతో ఫోన్‌లో మాట్లాడాడు, వెళ్ళొస్తానన్నాడు.

ఇప్పుడు చివరి నుంచి మొదటికి చెప్పు అన్నాను.

ఇది మా పనిలో అందరం వాడే కిటుకు. కల్పించిన కథ బట్టీ పట్టిన పాఠంలా వరసలోనే వస్తుంది. వెనక నుంచి చెప్పమంటే అతుకులు ఊడతాయి. నిజంగా జరిగిందైతే ఎటునుంచైనా చెప్పొచ్చు. నా నోట్లోంచి ఆ మాట దానంతటదే వచ్చేసింది.

ఆమె మొదలుపెట్టింది. వెళ్ళొస్తానన్నారు, దానికి ముందు అని ఆగిపోయింది. చేతిలో ఉన్న చొక్కా కింద పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఈ కిటుకు ఆమెకి తెలుసు. తమ్ముడు నన్ను అనుకరించి నవ్వించేటప్పుడు వేసే వేషాల్లో ఇదొకటి.

బావగారూ, నన్ను కూడా సర్వే చేస్తున్నారా అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. ఏమీ అడక్కుండా రాగలిగిన రోజు రండి, మీ ఇల్లనుకుని రండి, అంతదాకా రాకండి, పాప వింటూ పెరగాల్సిన మాటలు కావివి అంది.

పాప బూట్లు విప్పి తెచ్చి నా కాళ్ళ ముందు పెట్టింది. కుడిది కుడివైపు, ఎడమది ఎడమవైపు.

నాకున్నది ఒక్క తమ్ముడు. ఇప్పుడు వాడి తరఫున మిగిలింది ఆ ఇల్లు, ఆ పిల్ల. ఆ గుమ్మం కూడా మూసుకుపోతే నాకంటూ వాడిది ఏమీ ఉండదు. ఇంత తెలిసి కూడా దారి పొడుగునా నేను ఆలోచించింది వేరే. వెళ్ళొస్తానన్న దానికి ముందు ఎందుకు ఆగింది?

మార్చి 9

మా ఆవిడకి మరదలు ఫోన్ చేసినట్టుంది. ఆ పిల్ల మొగుడు పోయి ఏడుస్తుంటే బండికి ఎస్టిమేట్ వేసినట్టు వేస్తారా అని నాకు తల వాచేలా చీవాట్లు పెట్టింది. తర్వాత కంచం తెచ్చి ముందు పెట్టి, తినండి, అందులో ఏం కలిపానో మాత్రం అడక్కండి అంది.

మార్చి 13

కర్టెన్ల షాపు పక్కన మెట్లెక్కుతూ మరదలు కనబడింది. నేను సిగ్నల్ దగ్గర ఉన్నాను. ఆమె పనిచేసే పిల్లల క్లినిక్ ఇటువైపు కాదు. బండి పక్కన ఆపాను.

ఎదురుగా మందుల షాపులో నిలబడి దగ్గు బిళ్ళలు కొన్నాను. నాకు దగ్గు లేదు. మెట్ల మీద చెప్పులు, బూట్లు వరసగా ఉన్నాయి. ఆడవి, మగవి, ఎవరో నర్సుది తెల్ల బూట్ల జత. ఆమె లోపల చాలాసేపు ఉంది. కిందికి వచ్చినప్పుడు మొహం తేటగా ఉంది. మొగుడు పోయిన మనిషి మొహం అంత తేటగా ఎలా ఉంటుంది? ఇలా ఆలోచించినందుకు నామీద నాకే అసహ్యం వేసింది. ఆలోచన మాత్రం ఆగలేదు.

ఆమె వెళ్ళాక మెట్లెక్కి చూశాను. తలుపు మీద చిన్న బోర్డు. ధ్యాన సాధన, అందరూ రావచ్చు, ఫీజు లేదు.

ఫీజు లేని చోటంటే నాకు భయం.

మార్చి 14

చేరాను. మా ఆవిడకి చెప్తే చాలాసేపు నవ్వి, కళ్ళు మూసుకుని కూర్చోవడం మీకు చేతకాదు, నిద్రలో కూడా ఒక కన్ను సగం తెరిచే ఉంటుంది అంది.

హాలు చిన్నది. నేల మీద చాపలు. ఫ్యాను తిరిగినప్పుడల్లా ఒకచోట టక్కుమంటుంది, బేరింగ్ పోయింది. నేర్పే ఆయన్ని అందరూ మాస్టారు అంటారు. పూర్వం కాలేజీలో లెక్చరర్ అట. ఇప్పటికీ పరీక్ష హాల్లో కాపలా తిరిగినట్టు మా మధ్య నడుస్తాడు. జలుబు చేసి ఉంది. ఇంత ధ్యానం చేసేవాడికి జలుబెందుకు చేసిందో.

మరదలు కిటికీ దగ్గర కూర్చుంది. నన్ను చూసింది. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. కళ్ళు మూసుకుంది.

మాస్టారు చెప్పింది ఇంతే. ప్రశ్న వస్తుంది, రానివ్వండి, తరిమెయ్యకండి, కూర్చోబెట్టండి, జవాబు మాత్రం వడ్డించకండి, దానికి విసుగేసి ఎప్పుడో అదే లేచి వెళ్తుంది. ఇంటికొచ్చినవాణ్ణి ఖాళీ విస్తరి ముందు కూర్చోబెట్టే పద్ధతిలా ఉంది. జవాబు దొరికితే ప్రశ్న పోతుంది కదండీ అన్నాను. మీకు ఎన్నిసార్లు పోయింది అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టు ఉంది.

కళ్ళు మూసుకున్నాను. కాసేపయ్యాక ఒక కన్ను తెరిచి మరదలి వైపు చూశాను. మాస్టారు నన్నే చూస్తున్నాడు. తేలు కుట్టిన దొంగలా మళ్ళీ మూసుకున్నాను.

మార్చి 15, పొద్దున్న

ఇంట్లో ప్రయత్నించాను. ప్రశ్న వచ్చింది. కూర్చోబెట్టాను. దానితోపాటు దాని బంధువులంతా వచ్చారు. కారు, గోడ, యార్డ్ మేనేజర్, మాస్టారి జలుబు, మరదలి తేట మొహం. చోటు చాలక నేనే లేచి టీ పెట్టుకున్నాను.

మార్చి 19

రోజూ వెళ్తున్నాను. ధ్యానం కోసం కాదు. ఆమె వస్తుంది కాబట్టి.

ఈరోజు అయిపోయాక మెట్ల దగ్గర మరదలు మాస్టారితో మాట్లాడుతోంది. ఆయన తలవంచి విన్నాడు. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకు చెప్పనిది ఈయనకి చెప్తోంది. ఎవరీయన? తమ్ముడు బతికుండగా కూడా ఈమె ఇక్కడికి వచ్చేదా? అదే వాళ్ళ మధ్య గొడవ అయి ఉంటుందా? నిమిషంలో పెద్ద కథ కట్టేశాను. అన్నీ సరిపోయాయి కూడా.

పక్కన కూర్చునే తెల్ల బూట్ల నర్సుని మాటల్లో పెట్టాను. ఆ అమ్మాయిని నేనే తీసుకొచ్చానండీ, పోయిన నెల, మా క్లినిక్‌లోనే రిసెప్షన్ చూస్తుంది, భర్త పోయాడు పాపం అంది. తర్వాత, మీరు మొదటిరోజు నుంచీ ఆమెనే చూస్తున్నారు, ఎవరు మీరు అని నిలదీసింది. బావగారినని చెప్పాను. నమ్మినట్టు లేదు. తలూపింది. నేను ఊపే పద్ధతిలోనే.

నా పేకమేడ కూలిపోయింది. సిగ్గేసింది. ఆ సిగ్గు మెట్లు దిగేదాకా ఉంది. బండి స్టార్ట్ చేసేసరికి ఇంకో అనుమానం వచ్చి కూర్చుంది.

మార్చి 23

యార్డ్ మేనేజర్ ఫోన్. ఇంక ఆపలేను సార్, చోటు లేదు, మేడమ్ గారు కూడా రెండుసార్లు అడిగారు అన్నాడు.

రెండుసార్లు అడిగిందట.

స్కానర్ అని మేం పిలిచే పాత స్నేహితుడికి ఫోన్ చేశాను. మా ఆఫీసు కుర్రాడు కాదు, నా ఈడువాడే. బండి కంప్యూటర్లు చదవడంలో వాణ్ణి మించినవాడు లేడని ఆ పేరు పడింది. ఆ పెట్టె చదవాలంటే ఓనర్ ఒప్పుకోవాలి కదా అన్నాడు. ఇంట్లో అందరం అనుకున్నాం అన్నాను.

అబద్ధం. వరసగా, ఎక్కడా తడబడకుండా వచ్చింది.

మార్చి 25

యార్డ్‌కి వెళ్ళాం. కారు మూల పడి ఉంది. నా జీవితంలో వేల బళ్ళు చూశాను. దీన్ని చూడ్డానికి రెండుసార్లు కళ్ళు తిప్పుకోవాల్సి వచ్చింది. వెనక సీట్లో పాప హెయిర్ బ్యాండ్ ఇంకా ఉంది. నేను బానెట్ వైపే నిలబడ్డాను.

స్కానర్ లోపల దూరి వైర్లు తగిలించాడు. లాప్‌టాప్ డిక్కీ మీద పెట్టాడు. వరసలు వచ్చాయి. వేగం మారలేదు. స్టీరింగ్ కదల్లేదు. బ్రేక్ లేదు, లేదు, లేదు, లేదు. అలా కిందికి చదువుకుంటూ పోతున్నాను. నాకు తెలిసిందే కదా, ఇదే కదా అనుకుంటున్నాను.

చివరి వరసలో బ్రేక్ ఉంది.

గోడకి అరక్షణం ముందు. తొక్కాడు.

స్కానర్ నెమ్మదిగా, కునుకు పట్టింది, చివర్లో మెలకువ వచ్చింది, అంతే అన్నాడు. అంతే అయి ఉండొచ్చు. రెండోది వాడు అనలేదు. చేతులు కడుక్కొస్తానని వెళ్ళి చాలాసేపు రాలేదు. వాడికీ తోచింది.

మెలకువ వచ్చి తొక్కాడా? మనసు మారి తొక్కాడా?

ఆ పెట్టె దీనికి జవాబు చెప్పదు. నేను వాడి మనసు వెతుక్కుంటూ వస్తే అది వాడి పాదం చూపించింది. ఇన్నాళ్ళూ ఒక్క ప్రశ్న ఉండేది. ఇప్పుడు రెండు. రెండోది మొదటి దానికంటే ఘోరం. ఎందుకంటే అది నిజమైతే, గోడ ఇంకొంచెం దూరంగా ఉండి ఉంటే వాడు ఇంటికి వచ్చేవాడు.

సేవ్ చెయ్యనా అని అడిగాడు స్కానర్. వద్దన్నాను. తీసెయ్యమన్నాను. కారు సంగతి తర్వాత చెప్తానని మేనేజర్‌కి చెప్పి వచ్చేశాను. ఏమి చెప్పాలో తెలిసి కాదు.

మార్చి 26

ఈరోజు ఎవరినీ ఏమీ అడగలేదు.

మార్చి 28

హాలుకి వెళ్ళాను. మరదలు రాలేదు. నేను ఆమె కోసం వస్తున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను కదా, మరి రాలేదని తెలిసీ ఎందుకు కూర్చున్నాను? ఇది కూడా అనుమానించదగ్గ విషయమే.

ప్రశ్న వచ్చింది. బంధువులెవరూ రాలేదు ఈసారి. ఒక్కటే వచ్చింది. నాకు ఎదురుగా కూర్చుంది. దానికి పెట్టడానికి నా దగ్గర నిజంగానే ఏమీ లేదు. ఇదివరకు ఏదో ఒకటి ఉండేది. కాస్త తవ్వితే దొరుకుతుందని ఉండేది. తవ్వాల్సిన చోటు అయిపోయింది. మాస్టారు చెప్పినట్టు నేను వడ్డించకపోవడం కాదు, గిన్నె ఖాళీ.

అలాగే కూర్చున్నాం ఇద్దరం. కాసేపటికి ఆ ప్రశ్న స్థానంలో తమ్ముడు ఉన్నాడు. చిన్నప్పటి వాడు కాదు, మొన్నటి వాడే, పొట్ట వచ్చినవాడు. వాడు పోయిన దగ్గర్నుంచీ వాణ్ణి ఒక్కసారి కూడా తలుచుకోలేదని అప్పుడు తెలిసింది. కారుని తలుచుకున్నాను. గోడని తలుచుకున్నాను. వాడు కావాలనిపించింది. ఎందుకు పోయాడన్నది కాదు, వాడు కావాలి. ఏడ్చాను. శబ్దం కూడా వచ్చింది.

మాస్టారు నా పక్కనుంచి నడిచి వెళ్ళాడు. ఆగలేదు. ఈయన ఇలాంటివి రోజూ చూస్తాడా, లేక నటిస్తాడా? ఈ మనసు మారేది కాదు. అయినా ఏడుస్తూనే ఉన్నాను.

ఏప్రిల్ 1

మా ఆవిడకి నామీద అనుమానం వచ్చింది. వారం రోజులుగా పాలవాడు ఎందుకు ఆలస్యంగా వచ్చాడని అడగలేదట. పక్కింటివాళ్ళ కొత్త కారు సంగతి అడగలేదట. పోస్ట్ ఎవరు తీసుకున్నారని అడగలేదట. నా ఫోన్ తీసి చూస్తుంటే పట్టుకున్నాను. ఏం వెతుకుతున్నావే అంటే, ఏమో, మీరు ఇలా ఉంటే భయంగా ఉంది, ఏదో తెలిసింది మీకు, నాకు చెప్పడం లేదు అంది.

ఏమీ తెలియలేదన్నాను.

అడగడం మానేసినవాణ్ణి, జవాబు దాచుకున్నవాణ్ణి బయటినుంచి చూస్తే ఒకేలా ఉంటారు. నేను ఇద్దర్లో ఎవర్నో నాకే సరిగ్గా తెలియదు.

ఏప్రిల్ 4

ఈరోజు జరిగింది మొత్తం రాయాలి.

మాస్టారు కొత్త సాధన చేయించాడు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు అడగాలి, మీకు తెలియనిది ఒకటి చెప్పండి అని. రెండోవారు చెప్పాలి. విన్నవారు సరే అనాలి, మళ్ళీ అదే అడగాలి. ఇంకేమీ అనకూడదు. ఎందుకని అడగకూడదు, ఎప్పుడని అడగకూడదు, అయ్యో అనకూడదు. తర్వాత అవతలివారు అడగాలి.

ఆ వరస చివర మరదలు, ఈ వరస చివర నేను. మీరిద్దరూ అన్నాడు మాస్టారు. కావాలనే చేశాడు. లేక ఊరికే చేశాడు. నర్సు లేచి, నేను ఆమెతో కూర్చుంటాను అంది. పర్వాలేదు అక్కా అంది మరదలు.

నేను అడిగాను. మీకు తెలియనిది ఒకటి చెప్పండి. మా మరదల్ని నేను ‘మీరు’ అనడం అదే మొదటిసారి.

పాప స్కూల్లో టీచర్లు ఏమంటున్నారో తెలియదు అంది. సరే అన్నాను. గీజర్ ఎక్కడ కారుతోందో తెలియదు. సరే. ఆయన చొక్కాలు ఏం చెయ్యాలో తెలియదు, ఉతికి ఉతికి పెడుతున్నాను. సరే.

ఆమె నా మోకాళ్ళ వైపు చూస్తూ చెప్తోంది. గొంతు మామూలుగానే ఉంది. కారు అంత తొందరగా ఎందుకు ఇచ్చేశానో తెలియదు. అది ఎక్కడో అలా పడి ఉంటే ఆయనే అక్కడ ఒంటరిగా ఉన్నట్టు అనిపించేది. సరే అన్నాను. ఎలా అన్నానో నాకు తెలియదు. నెల రోజులు నేను ఆ కారు చుట్టూ కట్టుకున్నదంతా ఆ ఒక్క మాటతో పోయింది.

ఆయన వెళ్ళొస్తానన్నప్పుడు నేను తలెత్తి చూశానో లేదో తెలియదు అంది. అందుకే ఆగింది ఆ రోజు. సరే.

తర్వాత తలెత్తి నన్ను చూసింది.

మీరు ఆ రోజు ఫోన్‌లో ఆయనతో ఏం మాట్లాడారో తెలియదు. మీతో మాట్లాడాకే బయల్దేరారు. ఏమైనా అన్నారేమో, తెలిసి దాస్తున్నారేమో, అందుకే నన్ను అన్నన్ని ప్రశ్నలు వేస్తున్నారేమో, తెలియదు.

నేను ఆమెని అనుమానించినంత కాలం ఆమె నన్ను అనుమానించింది. సరే అనాలి. అన్నాను.

మీరు అడగడం ఎందుకు మానేశారో తెలియదు. తెలుసుకోవాలని ఉంది. ఆగి, ఉంది కానీ తెలుసుకోను అంది.

సరే.

నా వంతు వచ్చింది. తెలియనిది చెప్పమంటున్నారు. తెలిసింది ఒకటి, ఆ చివరి బ్రేక్ సంగతి, నా దగ్గర ఉంది. ఇక్కడ దాన్ని చెప్పడానికి వీల్లేదు, సాధన తెలిసినవాటి గురించి కాదు. అదే నన్ను కాపాడింది. మాస్టారికి జలుబు ఎందుకు తగ్గడం లేదో తెలియదు అన్నాను. మరదలి పెదవి కొంచెం వంకర తిరిగింది. సరే అంది.

తర్వాత నిజాలు మొదలయ్యాయి. ఆ రోజు నేను ఒక లారీ దగ్గర ఉన్నాను. దాని ఎడమ తలుపు కింద సొట్ట, అంచున పచ్చ రంగు అంటుకుని ఉంది, కింద రెండు గీతలు. అదంతా కళ్ళకి కట్టినట్టు ఉంది. తమ్ముడు ఫోన్ చేశాడు. ఏదో అడిగాడు. ఏమడిగాడో తెలియదు. సరే అంది. ఊఁ అన్నాను. దేనికి ఊఁ అన్నానో తెలియదు. సరే అంది. సాయంత్రం మాట్లాడదాం అన్నానో, అనుకున్నానో తెలియదు. సరే అంది. ఆమె కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. నేను కూడా తుడుచుకోలేదు.

వాడు ఎలా పోయాడో నాకు తెలియదు అన్నాను. నిద్రో, ఇంకేమైనానో. నా పనే అది. అయినా తెలియదు. ఇక తెలియదు.

సరే అంది మరదలు.

నాకు తెలిసి ఇన్నేళ్ళలో ఒకరి కథ విని, సొట్ట చూడకుండా సరే అన్నవాళ్ళు లేరు. నేనూ ఎప్పుడూ అనలేదు. ఆమె అంది. నేను ఫోన్‌లో విన్నది మరిచిపోయానన్న మాట నమ్మడానికి ఆమె దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆధారం చూపించమని అడగనూ లేదు.

మెట్ల దగ్గర చెప్పులు వేసుకుంటూ, గీజర్ సంగతి మీరు చూస్తారా బావగారూ అంది.

ఏప్రిల్ 5

యార్డ్‌కి ఫోన్ చేసి కానివ్వమన్నాను. అయ్యాక ఫోటో పంపనా సార్ అన్నాడు మేనేజర్. వద్దన్నాను. వెనక సీట్లో పాప హెయిర్ బ్యాండ్ ఉంటుంది, అదొక్కటి తీసి పక్కన పెట్టమన్నాను. ఎందుకని అడగలేదు. ఈసారి నాకు మంచి మనిషి అనిపించాడు.

ప్రశ్న పోలేదు. పొద్దున్న పళ్ళు తోముకుంటుంటే వచ్చింది. నిద్రా, మనసా. రా కూర్చో అన్నాను. మా ఆవిడ ఎవరితో మాట్లాడుతున్నారని బయటినుంచి అడిగింది.

ఏప్రిల్ 11

గీజర్ బాగుచేశాను. పైపు మెలిక దగ్గర వాషర్ పోయింది. భోజనం చేసి వెళ్ళండి అంది మరదలు. పాప నా పక్కన కూర్చుని బొమ్మకి రంగులు వేస్తోంది. తల ఎత్తకుండానే, పెదనాన్నా నీకు కార్ల గురించి అన్నీ తెలుసు కదా, నాన్న బ్రేక్ వేశాడా అని అడిగింది.

వేశాడు అన్నాను.

వంటింట్లో కుళాయి ఆగింది.

మరి కారు ఎందుకు ఆగలేదు అంది. ఆలస్యంగా వేశాడమ్మా అన్నాను. ఎందుకు ఆలస్యమైంది అంది. అది నాకు తెలియదన్నాను. పాప ఇంకో రంగు తీసుకుని, అయితే అమ్మని అడుగుతా అంది.

అమ్మకీ తెలియదు నాన్నా, రండి, చల్లారిపోతుంది అని మరదలు వంటింట్లోంచి అంది.

ముగ్గురం కూర్చుని తిన్నాం.